ఆరో అధ్యాయం మీద మా బావగారి అభిప్రాయం

బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ చెల్లెలూ బాగానే ఉన్నాం. నా మోకాలొక్కటే మాట వినడం లేదు. మీ వేళ్ళ నొప్పి తగ్గిందా? ఈ మధ్య ఉత్తరాలన్నీ అక్క చేతే రాయిస్తున్నారు. అక్క చేతిరాతలో మీ వెటకారం కూడా మర్యాదగా కనిపిస్తోంది, అదొక్కటే లాభం.

ఈ పార్శిల్లో మూడు పుస్తకాలున్నాయి. నేను చదివేశాను. నా అభిప్రాయాలు ముందే రాస్తున్నాను, మీరు చదివాక మీవి రాయండి.

మొదటిది లిఫ్టు నడిపే ఆయన మీద నవల. తొమ్మిది అంతస్తుల భవనంలో ఎవరింట్లో ఏం గొడవో ఆయనకి తెలుసు, ఆయనింట్లో సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. మొదటి వంద పేజీలు కింద పెట్టలేదు నేను. తర్వాత రచయితకి ఏం తొందరొచ్చిందో, రెండువందల పన్నెండో పేజీలో పాపం ఆ మనిషిని లిఫ్టులోనే చంపేశాడు. ఈ కాలం రచయితలకి కథ ఎలా ముగించాలో తోచకపోతే మనిషిని చంపేస్తున్నారు.

రెండోది ఒక పెద్ద సర్జన్ ఆత్మకథ. మూడువందల ఎనభై పేజీల్లో ఆయన చేసిన ఆపరేషన్లన్నీ ఉన్నాయి. భార్య మాత్రం తొంభై నాలుగో పేజీలో ఒక్కసారి వస్తుంది, ఆయన సూట్‌కేసు సర్దిపెట్టి వెళ్ళిపోతుంది. అంతే, మళ్ళీ రాదు. చదివి నాకు ఒళ్ళు మండింది.

మూడోది నాకు ప్రాణం. ముగ్గురు అక్కచెల్లెళ్ళు చనిపోయిన తల్లి సామాన్లు పంచుకునే నవల. ఆరువందల పది పేజీలు. అందులో ఒక బీరువా గురించే నలభై పేజీలున్నాయి. ఊపిరి బిగబట్టి చదివాను.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. నేనూ ఒకటి రాశాను. ముప్పై ఐదేళ్ళు పళ్ళ సెట్లు చేసి ఎవరెవరి నోళ్ళకో అతికించాను గానీ, నా నోరు ఎప్పుడూ విప్పింది లేదు. ఇప్పుడు తొమ్మిది అధ్యాయాల్లో విప్పాను. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే మీకే చూపించాలి, కారణం ఉంది. ముందు ఈ మూడూ చదివి రాయండి. మీరు పుస్తకం ఎలా చదువుతారో తెలిస్తే నాది పంపడానికి ధైర్యం వస్తుంది.

అక్కకి నా నమస్కారాలు.

ఇట్లు
మీ బావమరిది

తా.క.: సర్జన్ పుస్తకంలో ఫొటోలు తప్పకుండా చూడండి. అన్నిట్లోనూ ఆయనే. ఒక దాంట్లో సముద్రం ఉంది గానీ, అది కూడా ఆయన భుజం వెనకాలే నిలబడింది.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నేను చెబుతున్నాను, మీ అక్క రాస్తోంది. పుస్తకాలు అందాయి, మూడూ అయిపోయాయి.

ముందుగా లిఫ్టాయన. ఒరేయ్, ఎంత మంచి పుస్తకం పంపావు! భవనం కూలగొడతారని తెలిశాక ఆ మనిషి దిగాలుపడి కూర్చోకుండా, ఎదురు వీధిలో దర్జీ కొట్టు పెట్టుకున్నాడు చూడు, అక్కడ నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. తొమ్మిది అంతస్తుల వాళ్ళూ ఆయన దగ్గరికే బట్టలు తెచ్చి, మళ్ళీ రహస్యాలన్నీ ఆయనకే చెప్పుకుంటారు. చచ్చిపోయాడని నువ్వెందుకు రాశావో నాకు అర్థం కాలేదు. వేరే పుస్తకంతో కలిపేసుకున్నట్టున్నావు. వయసు మీద పడుతోంది, చూసుకో.

సర్జన్ గారి గురించి నువ్వు అన్యాయంగా రాశావు. భార్య మీద ఆయన రాసిన అధ్యాయం విని ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. ఆవిడ పదకొండు రోజులు జ్వరంతో ఇంటిపనంతా చేసుకుంటే, ఊళ్ళో వాళ్ళందరి నాడీ చూసే మనిషి ఆవిడ నుదుటి మీద చెయ్యి కూడా వెయ్యలేదట. ఆ సంగతి తనే ఒప్పుకుని రాశాడు. అలా ఒప్పుకోవడానికి దమ్ముండాలి. నేను కళ్ళు తుడుచుకున్నాను.

మూడోది చిన్న పుస్తకమే గానీ బాగుంది. రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. బీరువా గురించి ఏదో రాశావు. బీరువాని అమ్మేశారు కదా, అందులో నలభై పేజీలు ఏముంటాయి?

నీ ఆత్మకథ పంపు. భయపడకు, నీ సంగతి నాకు తెలియనిదా.

ఇట్లు
బావ

తా.క.: ఇది అక్క రాస్తున్నాను. సర్జన్ గారి భార్య కోసం మీ బావ మూడు రోజులుగా బాధపడుతున్నారు. పరాయి ఆడవాళ్ళ జ్వరమంటే ఎంత జాలో ఈయనకి.

*

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నోరెళ్ళబెట్టాను. మీ చెల్లెలు వచ్చి నోరు మూయించి టీ ఇచ్చింది.

నా దగ్గరున్నవే మీకు పంపాను కాబట్టి సరిచూసుకోవడానికి లేదు. అందుకని మోకాలు ఈడ్చుకుంటూ లైబ్రరీకి వెళ్ళి, లిఫ్టాయన నవల తీయించి, రెండువందల పన్నెండో పేజీ నిలబడే చదివాను. చచ్చిపోయాడు బావగారూ. అనుమానం లేదు. తర్వాతి పేజీలో పోలీసులు కూడా వచ్చారు. దర్జీ కొట్టు లేదు. సూది లేదు, దారం లేదు.

సర్జన్ గారికి భార్య మీద అధ్యాయం లేదు. ఆరువందల పది పేజీలు రెండు మధ్యాహ్నాల్లో అయిపోయాయంటే, మీరు చదివారా, విసనకర్రలా ఊపారా? నాకు మూడు అనుమానాలున్నాయి. ఒకటి, మీరు అట్టలు చూసి లోపలి కథ మీరే అల్లేశారు. రెండు, చదువుతూ చదువుతూ నిద్రపోయి కల కన్నారు. మూడోది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పెద్దవారు, ఆరోగ్యం జాగ్రత్త.

అనుమానం తీరడానికి మూడు ప్రశ్నలు వేస్తున్నాను. అక్క సాయం లేకుండా జవాబు రాయించండి. ఒకటి: లిఫ్టాయన చివరిసారి ఏ అంతస్తు మీట నొక్కాడు? రెండు: బీరువా తాళంచెవి ముగ్గురిలో ఎవరి దగ్గర దొరికింది? మూడు: ఈ రోజు ఏ వారం?

మీ క్షేమం కోరే
బావమరిది

తా.క.: మూడో ప్రశ్న పుస్తకంలోది కాదు. ఉన్న పుస్తకాల్లోనే లేనివి కనిపిస్తున్నాయి కదా, దీన్ని కూడా అక్కడే వెతుకుతారేమోనని చెబుతున్నాను.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పుస్తకాలు మీకు అంతగా నచ్చినందుకు సంతోషం అని రాశావు, నాకూ సంతోషమే. ఇంతకాలం నువ్వు మనసు విప్పి ఒక్క మంచిమాట రాసింది లేదు.

లిఫ్టాయన కొట్టుకి ఏ రంగు వేయించాడో గుర్తుందా అని అడిగావు. ఎందుకు గుర్తుండదు? పసుపు. మొదట ఆకుపచ్చ అనుకుని, పాత లిఫ్టు తలుపు ఆకుపచ్చ కాబట్టి మళ్ళీ అదే ఎందుకని మానేశాడు. ఇలాంటి చిన్న చిన్న సంగతులు పట్టుకోవడం ఆ రచయిత గొప్పతనం. ఆయన ఇంకేమైనా రాశాడా? రాస్తే పంపు.

నీ ఆత్మకథ ఎప్పుడు పంపుతావు? ఈ మధ్య నాకు పుస్తకం లేకపోతే మధ్యాహ్నం గడవడం లేదు.

ఇట్లు
బావ

తా.క.: అక్కని. ఈ రోజు గురువారం. మీ బావకి తెలుసు, నాకూ తెలుసు, నువ్వు కంగారుపడకు.

*

బావగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరాన్నీ, నోటు పుస్తకాలనీ ఇంటికి కాకుండా మీ వాచీల కొట్టు చిరునామాకి పంపుతున్నాను. దయచేసి కొట్లోనే కూర్చుని చదవండి. ఇది అక్క కంట పడకూడదు. జవాబు కూడా ఎలాగోలా మీ చేత్తోనే రాయండి. వంకర అక్షరాలైనా పరవాలేదు. పోయిన ఉత్తరంలో మీ సంతకం గీత దిగి కింది వరుసలోకి జారిపోయింది, అయినా అది మీ సంతకమేనని గుర్తుపట్టాను.

నా ప్రశ్నలు మీరు చదవనే లేదని తెలిసిపోయింది. మీకు పుస్తకం చదవడం రాదని నాకు నమ్మకం కుదిరింది. అయినా ఈ విషయంలో నాకు మీరు తప్ప దిక్కు లేదు. మిగతా ఎనిమిది అధ్యాయాలూ మీ ఇష్టం వచ్చినట్టు చదువుకోండి, అందులో ఎవరికి కావాలంటే వాళ్ళకి దర్జీ కొట్టు పెట్టించండి. ఆరో అధ్యాయం ఒక్కటీ అక్షరం వదలకుండా చదవండి. మీరు అక్కడా పేజీలు తిప్పేస్తారేమోనన్న భయంతో అందులో ఉన్నది ఇక్కడ కూడా రాస్తున్నాను.

మీ పెళ్ళికి ముందు ఏడాది అక్క రేడియో కేంద్రానికి వెళ్ళి గొంతు పరీక్ష ఇచ్చి వచ్చింది. కథలు చదివే ఉద్యోగం. ఈ సంగతి మీకు తెలుసో లేదో. పరీక్ష అయిన దగ్గర్నుంచి రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేది. ఒక్క రోజు తలస్నానం చేస్తోందని రాలేకపోయింది. ఆ రోజే పొడుగు కవరు వచ్చింది. నేనే తీసుకున్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. రెండో చేతిలో లైబ్రరీ నవల ఉంది, కథ మంచి పట్టులో ఉంది. పేజీ గుర్తుకోసం కవరు అందులో పెట్టి, అక్క జుట్టు ఆరబెట్టుకుని రాగానే ఇద్దామనుకున్నాను. తర్వాత ఈ అధ్యాయం అయ్యాక ఇద్దామనుకున్నాను. నవల అయిపోయేసరికి సాయంత్రమైంది. లైబ్రరీ మూసేస్తారని పరుగెత్తుకెళ్ళి ఇచ్చేశాను. కవరు అందులోనే ఉండిపోయింది.

నాకు గుర్తొచ్చేసరికి మూడు వారాలు దాటింది. పుస్తకం ఇంకెవరో తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక చూస్తే కవరు పేజీల మధ్యే ఉంది. ఉద్యోగం వచ్చింది. చేరవలసిన తేదీ దాటి నాలుగు రోజులైంది. లైబ్రరీ వెనక గోడ దగ్గర నిలబడి దాన్ని చింపి కాలవలో వేశాను. ఇంటికొచ్చేసరికి అక్క గేటు దగ్గరే ఉంది. ఇంకో నెల నిలబడింది. తర్వాత మానేసింది. ఆ తర్వాత మీ సంబంధం వచ్చింది, సరేనంది.

నలభై రెండేళ్ళయింది. నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఆ కవరే కనిపిస్తుంది. కథ పట్టులో పడేసరికి నాకు భయం పట్టుకుంటుంది, లేచి వెళ్ళి మీ చెల్లెల్ని ఏమైనా ఉత్తరాలొచ్చాయా అని అడుగుతాను.

అక్కకి ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు. మీరు చదివి, వేళ చూసుకుని మెల్లగా చెప్పండి. చెప్పొద్దంటారా, ఆ అధ్యాయం తీసేస్తాను. ప్రెస్సు ఆయన నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. 'ఉంచు', 'తీసెయ్', ఈ రెండింట్లో ఒక్క మాట రాయండి చాలు.

మీ బావమరిది

తా.క.: ఇంత చేసీ ఆ నవల గొప్పదేమీ కాదు బావగారూ. చివర్లో హీరోని చంపేశాడు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఆత్మకథ తొమ్మిది అధ్యాయాలూ అయిపోయాయి. రచయితవైపోయావురా!

పళ్ళ ల్యాబులో మొదటి రోజు ఒకరి సెట్టు ఇంకొకరికి ఇచ్చేసిన ఘట్టం బాగుంది. అయిదో అధ్యాయం కాస్త సాగదీశావు. ఇక ఆరోది గురించి ఏమని చెప్పను! కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. లైబ్రరీ పుస్తకాన్ని మేక నమిలేస్తే, నువ్వు ఆ మేకని తాడు కట్టి లైబ్రరీకి ఈడ్చుకెళ్ళి, 'పుస్తకం ఇందులో ఉంది, తీసుకోండి' అన్నావు చూడు! వాళ్ళు మేకకి రసీదు రాసివ్వడం ఇంకా బాగుంది. ఇన్నేళ్ళుగా ఈ సంగతి మా దగ్గర దాచావేం?

మీ అక్క కూడా పక్కనే ఉంది. ఆరో అధ్యాయం మొదలవగానే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయి చాలాసేపటిదాకా రాలేదు. నవ్వు ఆపుకోలేకపోయిందనుకుంటాను. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. వచ్చాక గొంతు బొంగురుపోయి ఉంది.

నా మాట విని ఆ అధ్యాయం ఉంచు. ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఇట్లు
బావ

తా.క.: మేక తర్వాత ఏమైందో రాయలేదు నువ్వు. చదివేవాడికి అది తెలియాలి కదా.

*

బావగారికి,

నమస్కారాలు. ఉత్తరం మూడుసార్లు చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది, తర్వాత అది కూడా చల్లారిపోయింది.

మేక ఏమిటి బావగారూ? మా ఇంట్లో ఎప్పుడూ మేక లేదు. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో కూడా లేదు. నలభై రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నదాన్ని కక్కి మీ ముందు పెడితే మీరు దానికి తాడు కట్టారు. అక్క కంట పడకూడదని అంతగా బతిమాలితే పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూపించారు. అక్క నవ్విందన్నారు. అదే నన్ను చంపేస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది, ఇంటికొచ్చి చెంప పగలగొట్టినా బాగుండేది. నవ్విందంటే ఆ ఉద్యోగం ఆవిడకి ఏమీ కాదన్నమాట, ఇన్నాళ్ళు నేను ఉత్తినే కుమిలిపోయానన్నమాట. అలాగైతే నాకు ఊరట కలగాలి కదా, కలగడం లేదు. ఆ నెల అంతా గేటు దగ్గర అక్క నిలబడ్డ తీరు నేను చూశాను. అది ఏమీ కాని మనిషి అలా నిలబడదు.

ఈసారి ఉత్తరంలో అక్క తా.క. కూడా లేదు. నేను గమనించాను.

ప్రెస్సు ఆయనకి పుస్తకం వద్దని చెప్పేశాను. ఆరో అధ్యాయం లేకుండా మిగతాది వేయించడానికి నాకు మనసొప్పదు. అది పళ్ళ సెట్ల ప్రచారంలా ఉంటుంది. ఇక మీకు పుస్తకాలు పంపను. చదవడం తెలియని వారికి పంపి నేను బాధపడడం దేనికి? నోటు పుస్తకాలు చింపేయండి.

బావమరిది

తా.క.: అక్కని నన్ను క్షమించమని అడగండి. మేకని అడగక్కర్లేదు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం విని మనసు తేలికైంది. మోకాలు తగ్గినందుకు సంతోషం. ప్రెస్సు ఆయన కాగితం కొరత వల్ల ఆలస్యం చేస్తున్నాడన్నావు, పరవాలేదు, మంచి పుస్తకానికి తొందరేమీ లేదు.

వచ్చే నెల నాలుగు పుస్తకాలు ఒకేసారి పంపుతానన్నావు చూడు, ఆ మాట విన్నప్పట్నుంచి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. బరువుగా ఉన్నవైనా పరవాలేదు. నువ్వు నా కోసం ఇంత శ్రమపడుతున్నావని మీ అక్కతో రోజూ అంటూనే ఉన్నాను.

ఇట్లు
బావ

*

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నిన్న పోస్టు చేసింది మీ బావ చెప్పింది. ఇది నాది. ఆయన పక్కింటి మేస్త్రీతో కలిసి నడకకి వెళ్ళారు. తిరిగొచ్చేలోగా రాసెయ్యాలి.

మీ బావకి చూపు పోయింది. ముందు ఎడమ కన్ను, రెండు నెలలకి కుడిది. వేళ్ళకి ఏమీ లేదు, నిక్షేపంలా ఉన్నాయి. కొట్టు మూసి ఎనిమిది నెలలైంది. నువ్వు కొట్టుకి పంపిన కట్టని పోస్టుమాన్ తాళం చూసి ఇంటికి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. 'అక్క కంట పడకూడదు' అన్న నీ ముక్క నిలబడిన చోటే చదివాను. నీకు చూపు సంగతి చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే నువ్వు పుస్తకాలు పంపడం మానేస్తావని ఆయన భయం. అవి రావడం మానేస్తే ఆ మనిషికి రోజంతా ఆ కిటికీ పక్క కుర్చీ తప్ప ఇంకేమీ లేదు.

చదివి వినిపించేది నేనే. లిఫ్టాయన చచ్చిపోయే పేజీ దగ్గరికొచ్చేసరికి మీ బావ కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నారు. కళ్ళు పోయిన కొత్తలోనే ఆయనకి ఆ చావు వినిపించడానికి నాకు నోరు రాలేదు. దర్జీ కొట్టు నేనే పెట్టించాను. బీరువా నలభై పేజీలూ వదిలేశాను. నీకు ప్రాణమేమో గానీ, నాకు మూడో పేజీకే ఆవలింతలొచ్చాయి. ఇక సర్జన్ గారి భార్య జ్వరం నాది. ఇరవై ఏళ్ళ కిందటిది. ఆయన పోల్చుకోలేదు, కానీ ఆవిడ కోసం ఏడ్చారు. నాకు అది చాలనిపించింది.

నీ ఉత్తరాలు కూడా అలాగే చదివాను. నువ్వు తిట్టినవి తిట్టినట్టు వినిపిస్తే ఆయన తట్టుకోలేరు. ఆయన చెప్పింది మాత్రం చెప్పినట్టే రాశాను. రాసేది ఆయన మాట, అందులో నేను చెయ్యి పెట్టను. చదవడం మాత్రం నా ఇష్టం.

ఇప్పుడు ఆరో అధ్యాయం. ముందు ఉత్తరం చదివాను గాని నమ్మలేదు, నువ్వు కథ రాశావేమో అనుకున్నాను. ఆయనకి వినిపిస్తూ ఆ అధ్యాయం దాకా వచ్చాను. పొడుగు కవరు అన్న మాట నీ చేతిరాతలో రెండోసారి చూసేసరికి నమ్మక తప్పలేదు, నోటు పుస్తకం మూసేశాను. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి విప్పి స్టూలు మీద కూర్చున్నాను. నవ్వలేదురా. నీ మీద ఎంత కోపమొచ్చిందంటే, చేతిలో ఉన్న చెంబుని గోడకేసి కొట్టాను. రెండు నెలలకి పైగా గేటు దగ్గర నిలబడ్డాను. నా గొంతు బాగాలేదనుకున్నాను. ఆ తర్వాత ఎవరి ముందూ గట్టిగా ఒక్క పద్యం కూడా చదవలేదు. మీ బావ కళ్ళు పోయేదాకా నా గొంతు సంగతి నాకే గుర్తులేదు. అదంతా నీ ఒక్క మతిమరుపు వల్ల. మతిమరుపుకైతే ఒక లెక్క, చింపి కాలవలో వేసినదానికి ఏమంటావు? క్షమించమన్నావు. ఇప్పుడు కాదు. అయినప్పుడు నేనే రాస్తాను, అడక్కు.

ఇంత కోపంలోనూ బయటికొచ్చి ఆయనకి మేక కథ ఎందుకు చెప్పానో చెబుతాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి మీ బావ అడిగారు, 'రేడియోకి వెళ్ళావట కదా, ఏమైంది?' అని. రాలేదని చెప్పడానికి నామోషీ వేసింది. 'ఉద్యోగం వచ్చింది, మీ కోసం వద్దనుకున్నాను' అనేశాను. ఏదో ఆ పూటకి చెప్పిన మాట. ఆ మాటని ఆయన నలభై ఏళ్ళు నెత్తిన పెట్టుకుని మోశారు. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు. కొట్టు నుంచి అలిసిపోయి వచ్చి కూడా నాకు టీ కలిపిచ్చేవారు, 'నా కోసం అంత వదులుకున్న మనిషివి' అనేవారు. మొన్న కూడా, రేడియో వాళ్ళకి దక్కని గొంతు తనకి దక్కిందని మేస్త్రీతో చెప్పుకుని మురిసిపోయారు. అలాంటి మనిషికి, ఆ ఉత్తరం నా చేతికే రాలేదని, నేను ఏమీ వదులుకోలేదని ఏ నోటితో చదవను? అందుకని లైబ్రరీ దాకా నీ కథనే ఉంచి, కవరు బదులు మేకని తెచ్చాను.

నువ్వు ప్రెస్సు ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళు. పుస్తకం వేయించు. ఆరో అధ్యాయం ఒక్క అక్షరం తీయకు. నువ్వు రాసినవాటిలో నిజంగా బాగున్నది అదొక్కటే, మిగతావన్నీ పళ్ళు. మా ఇంటికి ఒక ప్రతి పంపు, మాకు చదివేది నేనే. మిగతా పుస్తకాలు ఎప్పటిలాగే పంపుతూ ఉండు. మీ బావకి ఈ ఉత్తరం సంగతి ఎప్పటికీ తెలియనివ్వకు. గేటు చప్పుడైంది, వస్తున్నారు.

ఇట్లు
అక్క

తా.క.: నలభై ఏళ్ళూ ఆయనకి పచ్చి అబద్ధం చెప్పానని లోలోపల సిగ్గుపడుతూ బతికాను. నీ పుణ్యమా అని అందులో సగం నిజమని తెలిసింది, ఉద్యోగం వచ్చింది. మిగతా సగం నీకొక్కడికే చెబుతున్నాను. ఆ కవరు ఆ రోజు నా చేతికొచ్చి ఉంటే, తడిజుట్టుతోనే వెళ్ళిపోయేదాన్ని. ఎవరి కోసమూ వద్దనేదాన్ని కాదు.